విగ్గూ గౌనూ లేని వాదన

ఇంగ్లండులో కుటుంబ కేసులు వాదించే బారిస్టరు నెత్తిన ఆ పేరుమోసిన గుర్రపువెంట్రుకల విగ్గు ఉండదు. నల్లగౌను ఉండదు. ఎదురుగా జ్యూరీ ఉండదు. విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది కాబట్టి చూడవచ్చిన జనమూ ఉండరు. పత్రికలవాళ్లు రావచ్చు గానీ, వాళ్ల కుర్చీలు చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి. లండన్ హై హోబర్న్ వీధిలో సెంట్రల్ ఫ్యామిలీ కోర్టు ఉన్న ఫస్ట్ అవెన్యూ హౌస్ బయటినుంచి చూస్తే ఏ బీమా కంపెనీ ఆఫీసో అనిపిస్తుంది. సినిమా ప్లీడర్లను చూసి పెరిగిన మనకు అక్కడ చప్పట్లు కొట్టాల్సిన ఘట్టం ఒక్కటీ దొరకదు.

నాకు ఆ పనిమీద గౌరవం కలిగింది తీర్పులు చదవడం వల్ల. దంపతుల పేర్లు తీసేసి, ఒక్కోసారి పేర్లతోనే, అక్కడి తీర్పులు ప్రచురిస్తారు. జడ్జి సాక్ష్యాన్ని వరసగా చెప్పుకుంటూ పోతుంటే, ఏ ప్రశ్న ఎవరు ఎందుకు అడిగి ఉంటారో వెనక్కి వెళ్లి ఊహించవచ్చు. కొన్ని తీర్పులు మూడోసారి చదివినప్పుడు గాని తెలియదు, కేసు మలుపు తిరిగింది ఏదో గొప్ప ఉపన్యాసం దగ్గర కాదని, మూడు వందల పేజీల కట్టలో ఎవరో గుర్తుపెట్టిన ఒక చిన్న పద్దు దగ్గరని.

ముందుగా ఒక తేడా చెప్పాలి. మన దగ్గర వకాల్తా పుచ్చుకున్న లాయరే కక్షిదారుతో మాట్లాడతాడు, కాగితాలు రాస్తాడు, కోర్టులో నిలబడతాడు. అక్కడ ఆ పని రెండుగా చీలింది. నెలల తరబడి కక్షిదారు బాధ వినేది, ఉత్తరాలు నడిపేది, కట్టలు కట్టేది సొలిసిటర్. సలహాకూ కోర్టులో వాదనకూ బారిస్టరు. కట్ట బారిస్టరు చేతికి చాలాసార్లు విచారణకు కొద్దిరోజుల ముందే వస్తుంది. పైగా ‘క్యాబ్ ర్యాంక్’ అనే నియమం ఒకటుంది: తన రంగంలోని కేసు వచ్చి, ఆ తేదీన తీరిక ఉండి, ఫీజు సరిగ్గా ఉంటే, కక్షిదారు నచ్చలేదని కాదనకూడదు. అందుకే పోయిన నెల భార్య తరఫున వాదించిన మనిషి ఈ నెల మరో భర్త తరఫున నిలబడుతుంది. ఆమె నైపుణ్యానికి పునాది ఈ అటూ ఇటూ నిలబడటంలోనే ఉందని నా నమ్మకం. ఎదుటి పక్షం ఏం దాస్తుందో ఆమెకు తెలుసు. దాచవద్దని తన సొంత కక్షిదార్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో!

డబ్బు కేసులో అసలు కాగితం ఫారం-ఈ. భార్యాభర్తలు ఎవరిది వాళ్లు నింపి, నిజమని సంతకం చేసి, ఒకరికొకరు ఇచ్చుకోవాలి. ఇళ్లు, అప్పులు, షేర్లు, పెన్షన్లు, వ్యాపారంలో వాటా, ఇకముందు నెలకు ఎంత ఖర్చవుతుందన్న లెక్క, దానికి జతగా ప్రతి బ్యాంకు ఖాతాకూ పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు. తెలియనివాళ్లు ఆ స్టేట్‌మెంట్లలో పెద్ద అంకెలు వెతుకుతారు. పని తెలిసిన బారిస్టరు లేనివాటిని వెతుకుతుంది. మూడు నెలలపాటు ఈ ఖాతాలోంచి కూరగాయలకూ పెట్రోలుకూ ఒక్క పౌండు కూడా పోలేదంటే, ఇంకో కార్డు ఎక్కడో ఉంది. ఫారంలో చూపని ఇంటికి బీమా ప్రీమియం కనిపిస్తే, ఆ ఇల్లు ఉంది. జీతం పెరగాల్సిన నెలలో పెరగకుండా, విడాకుల ఉత్తర్వు తర్వాతి నెలకు బోనస్ వాయిదా పడితే, ఆ కంపెనీలో ఎవరో స్నేహితుడున్నాడు.

పట్టుకున్నాక ఏం చేయాలన్నది వేరే విద్య. కేవలం పనితీరు చూపడానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుంటాను. లెస్టర్‌లో ఉండే ఒక భర్త తనకు విదేశాల్లో ఏ ఆస్తీ లేదని రాశాడు. బారిస్టరు లేచి నిలబడుతుంది.

“ఈ ఫారం మీద సంతకం మీదే కదండీ?”

“అవును.”

“ఇండియాలో ఆస్తి లేదని రాశారు.”

“లేదు కాబట్టే రాశాను.”

“పోయిన మార్చిలో మీ ఖాతానుంచి హైదరాబాదులో ఉన్న మీ తమ్ముడికి 140 పౌండ్లు వెళ్లాయి.”

“అన్నదమ్ములం, సాయం చేసుకుంటాం.”

“అంతకుముందు మార్చిలో 135.”

“అయ్యుండొచ్చు.”

“మిగతా ఏ నెలలోనూ ఆయనకు ఏమీ పంపలేదు.”

“...లేదు.”

“మార్చి నెలాఖరులోగా ఇంటిపన్ను కట్టాలని మీకు తెలుసు కదా.”

ఒక్క ప్రశ్నలోనూ ‘ఎందుకు’ లేదు. ‘ఎందుకు’ అని అడిగితే సాక్షికి మాట్లాడే చోటిచ్చినట్టే. ప్రతి ప్రశ్నలో ఒక్క సంగతే ఉంది, దానికి అవుననో కాదనో తప్ప వేరే జవాబు లేదు, ఆ జవాబు ఆమె దగ్గర ముందే కాగితం మీద ఉంది. గొంతు పెంచలేదు. తమ్ముడి మీద ప్రేమ మార్చిలోనే పుట్టుకొస్తుందా అని వెటకారం చేయలేదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఉంటుంది, నాకైతే తప్పక వచ్చేది. మింగేయడమే పనితనం.

ఇక్కడితో ఆగి కూర్చుంటే బాగుండుననిపిస్తుంది. కానీ ఇంగ్లిషు సంప్రదాయం అలా ఊరుకోనివ్వదు. 1893లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన బ్రౌన్ వర్సెస్ డన్ అనే కేసునుంచి వస్తున్న నియమం ప్రకారం, ఒక మనిషి అబద్ధం చెప్పాడని తర్వాత వాదించదలచుకుంటే, ఆ మాట ముందు అతని మొహం మీదే అని, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కాబట్టి చివర ఆమె అనక తప్పదు: “హైదరాబాదులో మీకు ఇల్లుందని, తెలిసే దాచారని నేనంటున్నాను.” అతను కాదంటాడు. అంతే. రెండోసారి అడగదు. అభియోగం ఒక్కసారి, మర్యాదగా, నిందిస్తున్నట్టు కాక నమోదు చేస్తున్నట్టు అనడం వినడానికి తేలిక. కోపంగా ఉన్న కక్షిదారు వెనక కుర్చీలోంచి చీటీలు అందిస్తూ ఉండగా అలా అని ఆగడం తేలిక కాదు.

ఇక లెక్క. రెండు పక్షాల ఆస్తులనూ ఈఎస్-2 అనే పట్టికలో పక్కపక్కన పెట్టాలి: నువ్వెంతంటావు, నేనెంతంటాను, తేడా ఎక్కడ. ముప్పై ఏళ్ల కాపురం కొన్ని వరసల్లోకి వస్తుంది. కోర్టు అనుమతి లేకుండా కట్ట 350 పేజీలు దాటకూడదన్న నియమం ఏళ్లుగా ఉంది. ఏది పెట్టాలన్నదానికన్నా ఏది తీసేయాలన్నదే ఈ పనిలో కష్టమని ఆ అంకె చూస్తేనే అర్థమవుతుంది. భర్త 2016లో అన్న మాట భార్యకు ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉండవచ్చు. డబ్బు పంపకంలో ఆ మాటకు దాదాపు చోటే లేదు, ప్రవర్తన మరీ ఘోరమైతే తప్ప. ఈ సంగతి ఆమెకు నొప్పి కలగకుండా చెప్పి ఆ పేజీ పక్కన పెట్టించడం కూడా బారిస్టరు పనే.

ఇంగ్లండులో 1973 నాటి వైవాహిక చట్టంలోని 25వ సెక్షన్ జడ్జికి చూడవలసిన అంశాలు చెబుతుంది గాని సూత్రం చెప్పదు. సూత్రాలన్నీ కేసులనుంచి వచ్చాయి. సోమర్సెట్‌లో పాడి, వ్యవసాయం కలిసి చేసుకున్న వైట్ దంపతుల కేసులో, 2000 అక్టోబరులో లార్డ్ నికల్స్ ఇచ్చిన తీర్పు అన్నిటికన్నా పెద్ద మలుపు. 33 ఏళ్ల కాపురం, ఇంచుమించు 46 లక్షల పౌండ్ల ఆస్తి. అంతకుముందు భార్యకు ‘సమంజసమైన అవసరాలు’ తీరితే చాలనేవారు, మిగిలింది భర్తదే. సంపాదించిన చేతికీ ఇల్లు చూసిన చేతికీ తేడా చూపకూడదని, ఏ పంపకాన్నైనా సమాన వాటాతో కొలిచి చూసుకోవాలని ఆ తీర్పు అన్నది. నిజానికి వైట్ గారి భార్యకు సగం రాలేదు, 15 లక్షలే వచ్చాయి. అయినా ఆ తర్వాత వాదించే ప్రతి బారిస్టరూ లెక్క మొదలుపెట్టే చోటు మారిపోయింది. ఇప్పుడు తగువంతా ఏది దంపతుల ఆస్తి, ఏది కాదు అన్నదాని మీద. 2025 జులైలో స్టాండిష్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది: పన్ను తప్పించుకునే ఏర్పాటుగా భర్త భార్య పేరు మీదికి 7 కోట్ల 78 లక్షల పౌండ్లు మార్చినంత మాత్రాన, పెళ్లికి ముందునుంచీ అతనిదైన సొమ్ము దంపతుల సొమ్ము అయిపోదని. మన పెద్దమనుషుల పంచాయతీల్లో ‘అది వాళ్ల నాన్న ఇచ్చింది, ఇది వీళ్లిద్దరూ కూడబెట్టింది’ అని విడదీసేవాళ్లకు ఈ వాదన కొత్తగా అనిపించదు.

లెక్కల్లో నాకు ముచ్చటగొలిపేవి రెండు ఉన్నాయి. ఒకటి పెన్షన్. బ్రిటన్ ఆరోగ్య సేవలో పనిచేసే మన తెలుగు డాక్టర్లకు ఇల్లు తర్వాత పెద్ద ఆస్తి చాలాసార్లు అదే. పెన్షన్ సంస్థ ఒక నగదు విలువ రాసి పంపుతుంది. అది చూసి ‘ఇల్లు నీకు, పెన్షన్ నాకు’ అని ఎంతోమంది సరిపెట్టేసుకుంటారు. కానీ ప్రభుత్వ రంగంలోని, జీవితాంతం హామీగా వచ్చే ఆ పెన్షన్ అసలు విలువ ఆ కాగితం మీది అంకెకన్నా ఎక్కువే ఉండవచ్చు. బారిస్టరు గణిత నిపుణుడి నివేదిక అడుగుతుంది. పెన్షన్‌నే రెండుగా విడదీసే అధికారం కోర్టులకు 2000 డిసెంబరు నుంచి ఉంది. రెండోది డక్స్‌బరీ లెక్క. నెలనెలా భరణం బదులు ఒకేసారి మొత్తం ఇవ్వాలంటే ఎంత? ద్రవ్యోల్బణం పోగా ఏడాదికి 3.75 శాతం రాబడి వస్తుందనుకొని, ఆ మనిషి బతుకుతుందని పట్టికలు చెప్పే ఆఖరి రోజుకు సున్నా అయ్యే మొత్తం. ఇందులో ఒక వంకర ఉంది. మిగిలిన ఆయుష్షు తక్కువైతే మొత్తమూ తక్కువే. నలభై ఏళ్లు కాపురం చేసిన డెబ్బై ఏళ్లావిడకు, పదేళ్లు చేసిన నలభై ఐదేళ్లావిడకన్నా తక్కువ వస్తుంది! దీన్ని అక్కడివాళ్లు డక్స్‌బరీ వైపరీత్యం అంటారు. కంప్యూటర్ ఇచ్చిన అంకెను ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు ‘ఈ కేసుకు ఈ కొలత కుదరదు’ అని పక్కన పెట్టాలో తెలిసినవాళ్లే ఈ పనిలో దిట్టలు.

వాదన అల్లికలోని అందం చూడాలంటే మాత్రం ప్రెస్ట్ కేసుకు వెళ్లాలి. మైకేల్ ప్రెస్ట్ చమురు వ్యాపారి. లండన్‌లోని ఇళ్లు అతని పేర లేవు, పెట్రోడెల్ గ్రూపు కంపెనీల పేర ఉన్నాయి. 2011లో కింది కోర్టు యాస్మిన్ ప్రెస్ట్‌కు కోటీ 75 లక్షల పౌండ్లు ఇవ్వాలని, అందులో భాగంగా ఆ ఇళ్లు బదిలీ చేయాలని చెప్పింది. కంపెనీలు అప్పీలు చేశాయి. కంపెనీ వేరు, యజమాని వేరు అన్నది ఆ దేశపు వాణిజ్య చట్టానికి మూలస్తంభం, మరుసటి ఏడాది అప్పీలు కోర్టులో అదే నెగ్గింది. సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల ముందు కూడా ఆ తెర చించలేమనే తేలింది. అయినా 2013 జూన్‌లో యాస్మినే గెలిచింది. ఎలా? గోడ పగలగొట్టమని మాత్రమే కాక, గోడలోని ఇటుకలు ఎవరి డబ్బుతో కొన్నవని కూడా అడిగారు కాబట్టి. కొన్న డబ్బు భర్తది అయితే, కంపెనీ ఆ ఇంటిని అతని కోసం ధర్మకర్తలా పట్టుకుని ఉన్నట్టు. ధర్మకర్త చేతిలో ఉన్నది భర్త ఆస్తే, కనుక బదిలీ చేయవచ్చు. మరి డబ్బు భర్తదని రుజువేది? కంపెనీల లెక్కలు చూపమంటే చూపలేదు, రమ్మంటే సాక్షి రాలేదు, భర్త ఏళ్ల తరబడి పత్రాలు దాచాడు. ఆ మౌనం నుంచే సహజమైన నిర్ణయానికి రావచ్చని తీర్పులో లార్డ్ సంప్షన్ రాశాడు. దాచినవాడి దాపరికమే అతనికి అడ్డం తిరిగింది. ఏడు ఇళ్లు బదిలీ అయ్యాయి. పెద్ద వాదన ఓడినా కక్షిదారు గెలిచిన ఇలాంటి కేసు చదివినప్పుడు, వాదనకు రెండో తలుపు ముందే తెరిచి ఉంచడమంటే ఏమిటో తెలుస్తుంది.

అయితే ఇలాంటివి అరుదు. డబ్బు కేసుల్లో మంచి పని ఎక్కువగా ‘ఎఫ్‌డీఆర్’ అనే రాజీ విచారణ రోజున జరిగిపోతుంది. ఆ రోజు జడ్జి రెండు పక్షాలూ విని, తనైతే ఇంచుమించు ఇలా పంచుతానని చెబుతాడు. అది తీర్పు కాదు, ఎవరినీ కట్టిపడేయదు, రాజీ కుదరకపోతే ఆ జడ్జి ఇక ఆ కేసు తుది విచారణ చేయడు. తర్వాత వరండాలో, ఇరుకు గదుల్లో బేరం. బారిస్టరు తన కక్షిదారుకు చేదు నిజం చెప్పే సమయం ఇది: ‘ఆ ఇల్లు మీకు రాదండీ. రావాలని పోరాడితే వచ్చే తేడాకన్నా మా ఫీజులే ఎక్కువవుతాయి.’ తన సంపాదన తగ్గించే సలహా సూటిగా ఇచ్చేవాళ్లంటే నాకు ఏ వృత్తిలోనైనా గౌరవమే.

అదే మనిషి మర్నాడు పిల్లల కేసుకు వెళితే పనితీరే మారాలి. 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ మొదటి సెక్షన్ బిడ్డ క్షేమమే పరమమంటుంది, చూడవలసిన ఏడు సంగతులు వరస పెడుతుంది, ఆలస్యం బిడ్డకు చెరుపని గుర్తుచేస్తుంది. డబ్బు కేసులో సాక్షిని మూలకు నెట్టడం పని. ఇక్కడ నెట్టేసిన తండ్రీ, నెట్టించిన తల్లీ శుక్రవారం సాయంత్రం బడి గేటు దగ్గర మళ్లీ ఎదురుపడాలి. అందుకని మంచి ప్రశ్న ఇక్కడ మెత్తగా ఉంటుంది: ‘బుధవారం రాత్రి పిల్లాడికి హోంవర్కు ఎవరు చేయిస్తారు? వాడి బెస్ట్ ఫ్రెండ్ పేరేమిటి? వాళ్లమ్మ గురించి వాడు బెంగపడితే మీరేమంటారు?’ తండ్రికి స్నేహితుడి పేరు తెలియకపోతే దాన్ని సాగదీయదు. జడ్జి రాసుకున్నాడు, చాలు.

హింస ఆరోపణ ఉన్నచోట మెత్తదనం పనికిరాదు, అక్కడా పద్ధతి మారింది. ఇదివరకు ఆరోపణలను తేదీలవారీగా పట్టికలో పెట్టేవారు: ఫలానా రోజు తోశాడు, ఫలానా రోజు ఫోన్ లాక్కున్నాడు. విడివిడిగా చూస్తే ఒక్కోటి చిన్నదే. 2021 మార్చిలో అప్పీలు కోర్టు నాలుగు కేసులు కలిపి విని, కొన్నేళ్లపాటు సాగే అదుపూ ఆధిపత్యమూ ఇలాంటి పట్టికలో కనబడకుండా పోతాయని చెప్పింది. కాబట్టి జీతం కార్డు ఎవరి దగ్గరుండేది, పుట్టింటికి ఫోన్ చేసేటప్పుడు స్పీకర్ ఎందుకు ఆన్‌లో ఉండేది వంటి సంగతులనుంచి ఒక ధోరణిని నిలబెట్టి చూపాలి. పట్టిక గీయడం కన్నా ఇది చాలా కష్టం. భర్త తరఫున ఉన్న బారిస్టరు అదే ధోరణిని విడగొట్టి చూపాలి, అదీ ఆ స్త్రీని రెండోసారి గాయపరచకుండా.

మనవాళ్లకు నేరుగా తగిలే చోటు ఒకటుంది. పిల్లల అపహరణ మీద 1980లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంలో ఇండియా చేరలేదు. వేసవి సెలవులకు పిల్లను విజయవాడలో అమ్మమ్మ దగ్గరికి తీసుకెళతానని తల్లి అడిగితే, తిరిగి రాకపోతే ఏమిటని తండ్రి భయం. ఇలాంటి కేసుల్లో మాట తప్పే ప్రమాదం ఎంత, తప్పితే నష్టం ఎంత, దానికి గట్టి హామీలు ఏమిటి అని మూడు ప్రశ్నలు వేసుకోవాలని 2013లో ఇంగ్లండు అప్పీలు కోర్టు చెప్పింది. చేతకాని లాయరు ‘మా కక్షిదారు అలాంటి మనిషి కాదు’ అని మొదలుపెడతాడు. చేతనైనవాళ్లు ప్రమాదాన్ని తామే ముందు ఒప్పుకుంటారు. విదేశీ కోర్టు ఉత్తర్వును ఒక అంశంగా మాత్రమే చూసి బిడ్డ క్షేమాన్నే ముఖ్యంగా చూస్తామని మన సుప్రీంకోర్టు 2017లో నిత్య ఆనంద్ రాఘవన్ కేసులో చెప్పిన సంగతి, తండ్రి లాయరు ఎత్తకముందే, భారతీయ న్యాయవాది అభిప్రాయంతో సహా తామే కోర్టు ముందు పెడతారు. ఆపైన హామీలు: రానూపోనూ టిక్కెట్లు, తిరిగొచ్చేదాకా కోర్టులో ఉంచే సొమ్ము, ప్రమాణ పత్రం, లండన్‌లో తల్లికున్న ఉద్యోగమూ ఇల్లూ. ఇలా కట్టిన దరఖాస్తు చదువుతుంటే, ఎదుటి లాయరుకు ఇంకేం మిగిలిందా అనిపిస్తుంది.

విడాకుల విషయంలోనూ ఇలాంటి ముందుచూపు కావాలి. తప్పెవరిదో చెప్పనక్కర్లేని విడాకులు ఇంగ్లండులో 2022 ఏప్రిల్ 6 నుంచి వచ్చాయి. కానీ అలా తీసుకున్న విడాకులు ఇండియాలోనూ చెల్లుతాయని చెప్పలేం. తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న ఒక జంటకు అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో వై. నరసింహారావు కేసులో మన సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం కింద పెళ్లయిన జంటల కాగితాలు చూస్తూనే ఈ సంగతి అడిగే బారిస్టరు, కక్షిదారును పదేళ్ల తర్వాతి చిక్కునుంచి తప్పించినట్టే.

ఇంత చేశాక మిగిలేది ఉత్తర్వు రాయడం. రాజీ కుదిరిన మధ్యాహ్నం, అందరూ అలిసిపోయి ఇంటికి పోదామనుకునే వేళ, ఇద్దరు బారిస్టర్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాస్తారు. ‘వారం విడిచి వారం’ అంటే సెలవుల తర్వాత లెక్క మళ్లీ మొదలవుతుందా, ఆగినచోటునుంచి సాగుతుందా? ఉగాది పనిదినాన వస్తే పిల్ల ఎవరి దగ్గర? పాస్‌పోర్టు ఎవరి దగ్గర, ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు చేతికివ్వాలి? ఈ ఒక్కో వాక్యం తర్వాత జరగబోయే ఒక్కో గొడవను ముందే ఊహించి రాసింది.

ఎదుటి పక్షానికి లాయరే లేకపోతే ఈ పని ఇంకా బరువు. 2013 ఏప్రిల్‌లో ప్రభుత్వ న్యాయసహాయం చాలా కుటుంబ కేసులకు ఆగిపోయాక, సొంతంగా నిలబడే తల్లులూ తండ్రులూ మామూలైపోయారు. తెలియనితనాన్ని వాడుకోవడం వృత్తి నియమాలకు విరుద్ధం, అలాగని ఎదుటి మనిషికి సలహా ఇవ్వడమూ కుదరదు. ఈ రెంటి మధ్య సన్నటి దారిలో నడిచే బారిస్టరు ముసాయిదాను ఒక్కో క్లాజూ మామూలు మాటల్లో అతనికి చదివి చెబుతుంది. అర్థం కాకపోతే సంతకం పెట్టవద్దంటుంది, జడ్జిని అడగవచ్చంటుంది. క్రిస్మస్ సెలవుల పంపకంలో తన కక్షిదారుకు రెండు రోజులు ఎక్కువ పడ్డాయని అతను లెక్కపెట్టి చూపిస్తే, కక్షిదారుతో పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చి, ఆ రెండు రోజులూ సరిచేసి, కాగితం మళ్లీ ప్రింటు తీయిస్తుంది.